మా కుక్క ‘చుక్క’ తన రక్తాన్ని తన ఒళ్ళే నాశనం చేసుకుంటోంది: రక్తం ఎక్కించాలా, మందు పనిచేసేవరకు ఆగాలా?

ప్రశ్న: వేళచ్చేరి నుండి

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో వేళచ్చేరిలో ఉంటాము. మా చుక్క నుదుట తెల్లమచ్చ ఉన్న నాటుకుక్క. ఏడేళ్ళ ఆడకుక్క, బరువు 18 కిలోలు. కళ్ళు కూడా తెరవని కూనగా వీధిలో దొరికితే మా అమ్మ దూదితో పాలు పట్టి పెంచింది.

గత గురువారం పొద్దున వరండాలో తెల్ల టైల్స్ మీద చుక్క పోసిన మూత్రం కాఫీ డికాషన్ రంగులో కనిపించింది. అంతకు ముందు రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు, మెట్లెక్కడానికి బద్ధకిస్తోంది. ఎండల వల్ల నీరసపడిందనుకుని మేము పట్టించుకోలేదు, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి, కంటి తెల్లగుడ్డు పచ్చబడింది.

మా వీధి చివర క్లినిక్‌లో ఇది పిడుదుల జ్వరం అని చెప్పి ఒక ఇంజక్షన్ ఇచ్చి పంపించారు. మరునాటికి లేవలేకపోయింది. వేరే డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళితే ఆయన రక్తపరీక్ష చేయించి పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 14 శాతమే ఉందని, ఇది ఐ.ఎమ్.హెచ్.ఏ. అని, అంటే రోగనిరోధక శక్తి తన ఎర్రకణాలనే చంపేసే జబ్బు అని చెప్పారు. గాజు పలక మీద ఒక బొట్టు రక్తం వేసి, అందులో సెలైన్ కలిపి, పలకను అటూ ఇటూ వంచి మాకు చూపించారు. విరిగిన పాలలో తేలే పలుకుల్లాగా రక్తం రవ్వరవ్వగా విడిపోయింది. రోగనిరోధక శక్తిని అణిచే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 35 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా రాశారు. ఈ రోజు శనివారం. పీసీవీ 12కి దిగింది.

నా సందేహాలు ఇవి. రక్తం ఎక్కించినా ఆ రక్తాన్ని కూడా ఒళ్ళు చంపేస్తుంది కాబట్టి వృథా అని ఒకరు అంటున్నారు, అది నిజమేనా? మొదటి డాక్టరు చెప్పిన పిడుదుల జ్వరం, రెండో డాక్టరు చెప్పిన ఈ జబ్బు, రెండింటిలో ఏది నమ్మాలి? మందు పనిచేస్తోందో లేదో ఎన్నాళ్ళలో తెలుస్తుంది? మా అమ్మ మాత్రం రాత్రంతా దాని పక్కనే చాప వేసుకుని కూర్చుని, నోరు లేని జీవాన్ని ఇంకా బాధపెట్టకండిరా అంటోంది. ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. ఇటువంటిది అనుభవించినవారు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

సమాధానం 1: పెరంబూరు నుండి

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఈ రాత్రికి ఇక్కడ వచ్చే సమాధానాల కోసం కూర్చోకండి. పీసీవీ 12 ఉండి, లేవలేని స్థితిలో ఉన్న కుక్కకు తెల్లవారేవరకు సమయం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేసి, ఆటోవాళ్ళు కుక్కను ఎక్కించుకోకపోతే తెలిసినవారి కారు అడిగి బయలుదేరండి. వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కదా, 1903లో మొదలైన కళాశాల అది. అక్కడ జంతువులకు రక్తనిధి కూడా ఉంది. ఫోనులో అడిగేటప్పుడు రక్తం నిల్వ ఉందా, లేక దాతను మీరే తీసుకురావాలా అన్నది తప్పకుండా అడగండి, ఎందుకంటే మనుషుల రక్తనిధిలో ఉన్నట్టు అక్కడ సీసాలు వరుసగా సిద్ధంగా ఉంటాయని అనుకోవడానికి లేదు.

మూడేళ్ళ కింద మా కాకర్ స్పానియల్‌కు ఇదే జబ్బు వచ్చింది. ఆ జాతికి ఇది ఎక్కువగా వస్తుందని అప్పుడే తెలిసింది. రక్తం వృథా అన్న మాట నాకూ ఒకరు చెప్పారు. ఆ మాట విని నేను ఒక పూట ఆలస్యం చేశాను, దానికి ఇప్పటికీ బాధపడుతుంటాను. ఎక్కించిన రక్తంలో కొంత నశిస్తుందన్నది నిజమే. కానీ మందు పనిచేయడం మొదలయ్యేవరకు గుండెకు, మెదడుకు ప్రాణవాయువు అందించేది ఆ రక్తమే. మా వాడికి రెండుసార్లు ఎక్కించారు. మొదటిసారి మా తమ్ముడి ఇంట్లో ఉన్న 32 కిలోల లాబ్రడార్ రక్తమిచ్చింది. దాత కుక్క బరువు 25 కిలోలు దాటి ఉండాలని, టీకాలన్నీ వేయించి ఉండాలని, ఒంటి మీద పిడుదులు ఉండకూడదని, దాని రక్తాన్ని కూడా పిడుదుల జ్వరాలకు పరీక్షించాలని చెప్పారు. కాబట్టి మీ బంధువుల్లో, అపార్ట్‌మెంటులో పెద్ద కుక్కలున్నవారి పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఒక చిన్న నోటుపుస్తకం కూడా తీసుకోండి. ప్రతిరోజూ ఉదయం, సాయంత్రం పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడండి, మూత్రం రంగు చూడండి, నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి, తిన్నది, వేసిన మాత్ర, పీసీవీ అన్నీ తేదీ వేసి రాయండి. ఎవరేం చెప్పినా ఆ పుస్తకమే మీకు దారి చూపుతుంది. మా డాక్టరు గారు మందు తగ్గించిన ప్రతిసారీ ముందు ఆ పుస్తకమే అడిగేవారు.

మరొకటి. ప్రెడ్నిసోలోన్ వల్ల చుక్క బకెట్లకొద్దీ నీళ్ళు తాగుతుంది, రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేస్తుంది, ఆకలి ఆకలి అంటూ వంటింటి గడప దగ్గరే కూర్చుంటుంది, ఏ పనీ లేకుండానే రొప్పుతుంది. ఇవన్నీ మందు వల్ల వచ్చేవే. నీళ్ళు మాత్రం ఎప్పుడూ తగ్గించకండి. పాత దుప్పట్లు నాలుగు పరిచి పెట్టుకుంటే సరిపోతుంది.

సమాధానం 2: చెన్నై పశువైద్యుడు, అడయారు

మీరు వర్ణించిన తీరును బట్టి మీ రెండో డాక్టరు గారు సరైన దారిలోనే ఉన్నారు. నేను చుక్కను చూడలేదు కాబట్టి మోతాదులు మార్చుకోవడానికి నా మాటను ఆధారం చేసుకోకండి. వారితో మాట్లాడేటప్పుడు అడగడానికి పనికివస్తుందని మాత్రమే ఇంత రాస్తున్నాను.

కంచే చేను మేసినట్టు అన్న సామెత ఈ జబ్బుకు అచ్చంగా సరిపోతుంది. శరీరాన్ని కాపాడవలసిన ప్రతిదేహకాలు (యాంటీబాడీలు) ఎర్రకణాల పైపొరకు అతుక్కుంటాయి. అలా గుర్తు పడిన కణాలను ప్లీహంలో, కాలేయంలో ఉన్న మాక్రోఫేజులు అనే రక్షక కణాలు మింగేస్తాయి. కొన్ని కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి, అందులోని హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుంది. మీరు చూసిన డికాషన్ రంగు అదే. పగిలిన కణాల నుండి వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వల్ల కళ్ళు పచ్చబడతాయి. గాజు పలక మీద రక్తం రవ్వలుగా కనబడటం కూడా ప్రతిదేహకాలు కణాలను ఒకదానితో ఒకటి అతికించడం వల్లనే. రక్తాన్ని పలక మీద పలుచగా పూసి సూక్ష్మదర్శినిలో చూసే స్మియర్‌లో మధ్యన లేత రంగు లేకుండా గుండ్రంగా గట్టిపడిన స్ఫెరోసైట్లు అనే ఎర్రకణాలు కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇక మీ రెండో సందేహం. మీ ఇద్దరు డాక్టర్లూ చెప్పినవి ఒకదానికొకటి విరుద్ధం కాకపోవచ్చు. మన ప్రాంతంలో పిడుదులు మోసుకొచ్చే బబీసియా, ఎర్లికియా అనే సూక్ష్మజీవులు ఈ జబ్బును రేపగలవు. ముఖ్యంగా బబీసియా గిబ్సొనై అనే సూక్ష్మజీవి చాలా చిన్నది, స్మియర్‌లో కనబడలేదంటే లేదని అర్థం కాదు. అందుకే రక్తంలో సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష తప్పనిసరి. మందులు మొదలుపెట్టక ముందు తీసిన రక్తం ఉంటే అదే పంపించమనండి. ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. కారణం ఆ సూక్ష్మజీవే అయితే దానికి వేరే చికిత్స ఉంది. అటోవాక్వోన్‌తో అజిత్రోమైసిన్ ఇస్తారు, అటోవాక్వోన్ దొరకని చోట క్లిండమైసిన్, మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్ కలిపి వాడుతుంటారు. అప్పుడు రోగనిరోధక శక్తిని అణిచే మందులు నెలల తరబడి వాడవలసిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు. పైగా సూక్ష్మజీవి ఉండగా ఆ శక్తిని అణిచివేయడం ప్రమాదం. ఎర్లికియా అయితే డాక్సీసైక్లిన్ 28 రోజులు ఇవ్వాలి. ఫలితం వచ్చేలోపు దానిని మొదలుపెట్టడం తప్పు కాదు, ఎప్పుడూ అన్నంతోనే ఇవ్వండి. ఇంకో ప్రశ్న, గత వారంలో ఉల్లిపాయ సాంబారు కలిపిన అన్నం ఏమైనా పెట్టారా? ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్క ఎర్రకణాలను పగలగొడతాయి, కాకపోతే ఆ నష్టం జరిగే పద్ధతి వేరు, స్మియర్‌లో కనిపించే ఆనవాళ్ళూ వేరు.

రక్తం ఎక్కించడం గురించి పైన పెరంబూరు పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజం. పీసీవీ సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయించరు. నిస్సత్తువ, గుండె వేగం, శ్వాస అన్నీ కలిపి చూస్తారు. చుక్క లేవలేకపోతోంది కాబట్టి ఇక ఆగకూడదు. కుక్కలకు కిలోకు 2 మిల్లీలీటర్ల పూర్తి రక్తం ఎక్కిస్తే పీసీవీ సుమారు ఒక శాతం పెరుగుతుందని మేము లెక్క వేసుకుంటాము. 18 కిలోల కుక్కకు పది శాతం పెంచాలంటే 360 మిల్లీలీటర్లు కావాలి. దొరికితే ఎర్రకణాలను మాత్రమే వేరు చేసిన సంచి మేలు, అప్పుడు పరిమాణం ఇంకా తక్కువ సరిపోతుంది. చుక్క రక్తం తనంతట తానే గడ్డకట్టినట్టు రవ్వకట్టేస్తోంది కాబట్టి దాత రక్తం దానికి పడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ ఫలితం చదవడం కష్టమవుతుంది, డీఈఏ 1 అనే కుక్కల రక్తవర్గం నెగెటివ్ ఉన్న దాత దొరికితే ఇబ్బంది తగ్గుతుంది.

మందు విషయానికి వస్తే, ప్రెడ్నిసోలోన్ చికిత్సకు వెన్నెముక. రోజుకు కిలోకు 2 మిల్లీగ్రాములు సాధారణ మోతాదు, మీకు ఇస్తున్నది దాదాపు అంతే. 25 కిలోలు దాటిన పెద్ద కుక్కలకు బరువును బట్టి కాక శరీర ఉపరితలాన్ని బట్టి లెక్కించి తక్కువ ఇస్తారు. జబ్బు ప్రాణాపాయంగా ఉన్నప్పుడు, మొదటి వారంలో మందు వాడుతుండగానే ఒక్క రోజులో పీసీవీ 5 శాతం లేదా అంతకన్నా ఎక్కువ పడిపోయినప్పుడు, వారం దాటినా మళ్ళీ మళ్ళీ రక్తం ఎక్కించవలసి వస్తున్నప్పుడు రోగనిరోధక శక్తిని అణిచే రెండో మందు కలుపుతారు. మైకోఫెనోలేట్, అజతయోప్రిన్, సైక్లోస్పోరిన్, ఈ మూడింటిలో ఏదో ఒకటి. మైకోఫెనోలేట్ కొన్ని కుక్కలకు విరేచనాలు తెస్తుంది. అజతయోప్రిన్ వాడేటప్పుడు మొదటి నెలలో కాలేయపు ఎంజైములు, తెల్లకణాలు చూసుకుంటూ ఉండాలి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. ఈ జబ్బులో కుక్కలు చనిపోవడానికి రక్తం తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. ఊపిరితిత్తుల్లోనో మరోచోటో రక్తం గడ్డకట్టి చాలా కుక్కలు మొదటి రెండు వారాల్లో పోతాయి. రక్తం లేక తెల్లబడిన కుక్కకు రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వడమేమిటని యజమానులు భయపడుతుంటారు, కానీ ఇవ్వాలి. ప్లేట్‌లెట్లు మరీ పడిపోయి ఉంటే తప్ప క్లోపిడోగ్రెల్ లేదా హెపారిన్ మొదటి రోజు నుంచే మొదలుపెట్టడం మంచిది. చుక్కకు అది రాశారో లేదో ఈ రాత్రే అడగండి. నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటుతూ పోతే, ఉన్నట్టుండి రొప్పు మొదలైతే గంటల తరబడి ఆగకుండా తీసుకువెళ్ళండి.

ఎన్నాళ్ళు అన్నారు. ఎముక మజ్జ కొత్త కణాలను తయారుచేసి బయటకు పంపడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. రెటిక్యులోసైట్ (లేత ఎర్రకణాల) లెక్కలో అవి పెరుగుతూ కనిపిస్తే మజ్జ బాగున్నట్టే. ప్రెడ్నిసోలోన్ ప్రభావం చాలా కుక్కల్లో మొదటి వారం, పది రోజుల్లో బయటపడుతుంది. ఆ రోజులు దాటించడానికే రక్తం.

సమాధానం 3: అంబత్తూరు నుండి

నేను చెప్పబోయేది ధైర్యం ఇచ్చే మాట కాదు, అయినా ఇంట్లో పెద్దవాళ్ళ ప్రశ్నకు జవాబు ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మా కుక్క బంగారి ఇదే జబ్బుతో ఐదో రోజున పోయింది. పీసీవీ 13 నుంచి 20కి లేచింది, ఆ సాయంత్రం నా చేతిలో పెరుగన్నం తిన్నది, తోక ఊపింది. రాత్రి పదిన్నరకు ఒక్కసారిగా రొప్పుతూ లేచి నిలబడి కూలబడింది. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి ఉంటుందని డాక్టరు గారు అన్నారు. దానికి గడ్డకట్టకుండా మందు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బతికేదని నేను అనడం లేదు, ఇచ్చినా కొన్ని పోతాయట. పైన డాక్టరు గారు రాసిన ఆ పేరా మాత్రం ఇంకోసారి చదవండి.

అమ్మగారి మాట తీసిపారేయవలసినది కాదు. మా ఇంట్లో మేము ముందే ఒక మాట అనుకున్నాము. నొప్పితో మూలుగుతుంటే, రెండు మూడు సార్లు రక్తం ఎక్కించినా నిలవకపోతే, ఊపిరి అందక కొట్టుకుంటుంటే కారుణ్య మరణం గురించి డాక్టరు గారితో మాట్లాడుదామని, అప్పటివరకు మాత్రం చికిత్స ఆపవద్దని. అలా ముందే అనుకోవడం వల్ల ప్రతి గంటా దాని గురించి వాదులాడుకోలేదు. రక్తహీనత వల్ల వచ్చే నీరసం చూసేవాళ్ళకు భయంకరంగా ఉంటుంది కానీ ఎముక విరిగినప్పటి నొప్పిలాంటిది కాదని, రక్తం ఎక్కగానే తేరుకుంటుందని మా డాక్టరు గారు అమ్మకు నచ్చజెప్పారు. మీ డాక్టరు గారి చేత కూడా అమ్మగారికి నేరుగా ఒకసారి చెప్పించండి. మనం చెప్తే మన ఆశ మాట్లాడుతోందనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు: వేళచ్చేరి, పన్నెండు రోజుల తర్వాత

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ శనివారం రాత్రే బయలుదేరాము. మా పై అంతస్తులో ఉండే వారి జర్మన్ షెపర్డ్‌ను దాతగా తీసుకువెళ్ళాము. వాళ్ళబ్బాయి ఆ రాత్రి రెండు గంటల వరకు మాతోనే కూర్చున్నాడు. రక్తం ఎక్కుతున్నంతసేపూ అమ్మ చుక్క ముందుకాలు పట్టుకుని ఉంది. మొదటి అరగంట చుక్కకు వణుకు, దద్దుర్లు వస్తాయేమోనని పదే పదే ఉష్ణోగ్రత చూశారు, ఏమీ రాలేదు. నాలుగు గంటల తర్వాత చుక్క తనంతట తాను తల ఎత్తి నీళ్ళగిన్నె కోసం చూసింది. ఆ తర్వాత చికిత్స ఆపేయమని అమ్మ మళ్ళీ అనలేదు.

పుస్తకంలో రాసిన పీసీవీ ఇలా ఉంది. రక్తం ఎక్కించిన మరునాడు 21, మూడో రోజు 18, నాలుగో రోజు 17. అప్పుడు చాలా భయపడ్డాము, మైకోఫెనోలేట్ కలిపారు. ఆరో రోజు 19, తొమ్మిదో రోజు 23, నిన్న 26. రెటిక్యులోసైట్లు బాగా పెరిగాయన్నారు. మూత్రం మామూలు రంగుకు వచ్చింది. పీసీఆర్‌లో బబీసియా, ఎర్లికియా రెండూ లేవని వచ్చింది. ఉల్లిపాయ పెట్టలేదని అమ్మ ఒట్టేసి చెప్పింది. క్లోపిడోగ్రెల్ గురించి అడిగితే ప్లేట్‌లెట్లు చూసి వెంటనే మొదలుపెట్టారు. అంబత్తూరు నుంచి రాసినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మీ బంగారి సంగతి రాయకపోతే నాకు ఆ ప్రశ్న అడగాలని తోచేది కాదు.

ఇప్పుడు రెండు విషయాలు తెలియాలి. ఈ ప్రెడ్నిసోలోన్ ఎప్పటినుంచి తగ్గించవచ్చు? వెనకకాళ్ళ కండ సన్నబడింది, పొట్ట జారింది, మాత్రలు ఇడ్లీలో నెయ్యి వేసి పెడుతున్నాము. వచ్చే నెల టీకా వేయించే గడువు కూడా ఉంది.

సమాధానం: చెన్నై పశువైద్యుడు, అడయారు

చాలా సంతోషం. 26 అంటే గట్టు కనబడుతోంది, చేరుకోలేదు. పీసీవీ 30 దాటి రెండు వారాలు నిలకడగా ఉన్నాక మొదటిసారి మోతాదులో నాలుగోవంతు తగ్గిస్తారు. ఆ తర్వాత ప్రతి మూడు వారాలకు ఒకసారి, తగ్గించే ముందు ప్రతిసారీ పీసీవీ చూసి, మళ్ళీ అంతే తగ్గిస్తూ పోతారు. మొత్తం మీద నాలుగు నెలలు పట్టవచ్చు, ఎనిమిది కూడా పట్టవచ్చు. బాగానే ఉంది కదా అని మీ అంతట మీరు ఒక్క రోజు కూడా మానకండి. జబ్బు తిరగబెట్టడమే కాకుండా, ఇన్నాళ్ళు బయటినుంచి స్టెరాయిడ్ అందుకున్న శరీరం తన సొంత కార్టిసోల్ తయారుచేసుకోలేక కుప్పకూలే ప్రమాదం ఉంది. కండ సన్నబడటం, పొట్ట జారడం మోతాదు తగ్గుతున్నకొద్దీ సర్దుకుంటాయి.

నెయ్యి ఆపేయండి. ఈ మందుల మీద ఉన్న కుక్కకు కొవ్వు పదార్థాలు పాంక్రియాస్‌ను ఇబ్బంది పెట్టవచ్చు. ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్కలోనో, అరటిపండు ముద్దలోనో మాత్ర పెట్టండి. మలం తారులాగా నల్లగా వస్తే కడుపులో రక్తస్రావం జరుగుతోందని అర్థం, వెంటనే చెప్పండి. కాళ్ళ నొప్పి అని ఎవరైనా మెలోక్సికాం వంటి నొప్పి మందు ఇవ్వబోతే ఒప్పుకోవద్దు, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి.

టీకాలు ఈ మందులు నడుస్తున్నంతకాలం వాయిదా వేయమనే నేను చెబుతాను, రేబీస్ టీకా విషయం మాత్రం మీ డాక్టరు గారితో కలిసి తేల్చుకోండి. అప్పటివరకు వీధికుక్కల దగ్గరికి పోనివ్వకండి. పిడుదుల మాత్ర నెలకొకసారి తప్పనివ్వకండి. పిడుదులు కుక్క ఒంటి మీద కంటే గోడల పగుళ్ళలో, తలుపు చట్రాల వెనక ఎక్కువగా దాక్కుని గుడ్లు పెడతాయి, వరండా గోడల పగుళ్ళు సిమెంటుతో పూడ్పించండి.

ప్రశ్న అడిగినవారు: వేళచ్చేరి

అలాగేనండీ. నెయ్యి మాట చదివి వినిపిస్తే అమ్మ వెంటనే డబ్బా పై అరలో పెట్టేసింది. మేస్త్రీని సోమవారం రమ్మన్నాము. ఆ రోజే చుక్కకు మళ్ళీ రక్తపరీక్ష ఉంది, పీసీవీ ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తాను.